బడి కబురు ఇంటిదాకా: దివ్యాంగ పిల్లల బడి కుటుంబాలకు ఎలా తోడుండాలి

దివ్యాంగ పిల్లల బడి అనగానే ఫిజియోథెరపీ గది, మాట నేర్పే టీచరు, చక్రాల కుర్చీలు గుర్తుకొస్తాయి. అవన్నీ కావాల్సినవే. అయితే వాటికంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. బడికి తెలిసిన సంగతి, ఇంట్లో ఆ పిల్లను ఎత్తుకుని తిప్పే మనిషికి సమయానికి తెలియాలి. వైద్య పరీక్ష తేదీ తెలియక వైకల్య సర్టిఫికెట్ గడువు దాటిపోయిన పిల్లలు, కాలికి ఆసరాగా కట్టే కాలిపర్ బిగుతైతే మార్చి ఇస్తారని తెలియక దాన్ని అటక మీద పెట్టిన ఇళ్లు, ఊరు మారాక ఎక్కడ దొరుకుతుందో తెలియక ఫిట్స్ మందు ఆపేసిన తల్లులు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఇందులో చాలావరకు డబ్బు లేక వచ్చిన కష్టం కాదు, కబురు అందక వచ్చిన కష్టం.

అందుకే బడి వార్తలు ఒకరి పని, కుటుంబాలకు సాయం ఇంకొకరి పని అని పంచుకోవద్దంటాను. రెండూ ఒకటే పని. ప్రతి కబురూ ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని ఒకటి చెప్పాలి. ప్రతి సాయమూ కబురుగా మారి ఇంకో ఇంటికి చేరాలి. ఇది ప్రత్యేక పాఠశాలల టీచర్లకు, మండలాల్లో దివ్యాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాలు నడిపే టీచర్లకు (ఐఈఆర్‌పీలకు), తల్లిదండ్రుల కమిటీల్లో ఉన్నవాళ్లకు పనికొచ్చేలా రాస్తున్నాను.

1. ముందు ఇల్లు తెలుసుకోండి

అడ్మిషన్ ఫారంలో తండ్రి పేరు, వృత్తి, ఫోన్ నంబరు ఉంటాయి. అవి చాలవు. మక్తల్, కోస్గి, నారాయణపేట వైపు చాలా కుటుంబాల్లో తల్లిదండ్రులు ముంబయి, పుణె, హైదరాబాద్ పనులకు పోతే పిల్లల్ని చూసేది అవ్వాతాతలే. ఫారంలో ఉన్న నంబరు ముంబయిలో మట్టి పని చేస్తున్న తండ్రిది. పొద్దున పిల్లను తయారుచేసే అవ్వ దగ్గర బటన్ల ఫోన్ ఉంటుంది, అదీ కొన్నాళ్లు బ్యాలెన్సు లేకుండా. మీరు వాట్సాప్‌లో పెట్టిన నోటీసు ముంబయిలో రెండు నీలం గీతలు చూపించి ఆగిపోతుంది.

కాబట్టి ప్రతి పిల్లకు ఒక ఇంటి కాగితం రాసుకోండి. పిల్లకు రోజూ స్నానం చేయించేది ఎవరు, అన్నం పెట్టేది ఎవరు, ఆసుపత్రికి తీసుకుపోయేది ఎవరు అన్నవి విడివిడిగా అడగాలి. చాలా ఇళ్లలో ఈ ముగ్గురూ ఒక్కరు కారు. ఇంట్లో ఏ ఫోన్ ఎవరి దగ్గర ఎప్పుడుంటుంది, చదవగలిగేది ఎవరు, ఇంట్లో మాట్లాడేది ఏ భాష అన్నవి రాయాలి. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ, నారాయణపేటలో కన్నడ, మరాఠీ, పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లుంటాయి. టీచరు తెలుగులో చెప్పిన మాట అక్కడి అవ్వకు సగమే అందుతుంది. వలస పోయే ఇళ్లయితే ఏ నెలలో పోతారు, ఏ పండక్కి తిరిగొస్తారు అన్నది కూడా ఉండాలి.

ఈ వివరాలు బడిలో కూర్చోబెట్టి అడిగితే రావు. ఇంటికి పోవాలి. పోయిన మొదటిసారే ఫారం తీయకండి. పిల్ల ఎక్కడ పడుకుంటుందో, మరుగుదొడ్డికి గడప ఎంత ఎత్తుందో, అన్నం తినే చోట ఆనుకోవడానికి గోడ ఉందో లేదో చూస్తూ మాట్లాడితే సగం జవాబులు అవే వస్తాయి. మిగతావి బడికి తిరిగొచ్చాక రాసుకోవచ్చు. ఈ కాగితాలు తాళం వేసే బీరువాలో ఉండాలి. బడిలో పనిచేసే అందరికీ అన్నీ తెలియాల్సిన పని లేదు.

2. ఏ ఇంటికి ఏ దారిలో కబురు పోవాలో తేల్చుకోండి

అందరికీ ఒకే దారి పెట్టుకుంటే ఎవరికి ముందు అందాలో వాళ్లకే అందకుండా పోతుంది, అంటే అన్నిటికంటే వెనకబడిన ఇళ్లకే. చదవగలిగి స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లకు వాట్సాప్, చదవలేని ఇళ్లకు వాయిస్ మెసేజ్, బటన్ల ఫోన్ ఇళ్లకు నేరుగా ఫోన్, ఏ ఫోనూ నిలకడగా లేని ఇళ్లకు బడి బండి డ్రైవరో, ఆయమ్మో, ఊళ్లో ఆశా వర్కరో. ఏ ఇంటికి ఏ దారో ఇంటి కాగితం మీదే రాసి పెట్టండి.

వాట్సాప్ గ్రూపు పెడితే రెండు పెట్టండి. ఒకదాంట్లో బడి మాత్రమే పోస్టు చేయాలి: సెలవు, బండి, క్యాంపు, పరీక్ష, మందు. రెండోది తల్లిదండ్రులు తమలో తాము మాట్లాడుకునేందుకు. ఒక్కటే పెడితే గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య క్యాంపు తేదీ పోతుంది. పీడీఎఫ్ పంపడం మానేయండి. చిన్న ఫోన్లలో తెరుచుకోదు, తెరుచుకున్నా అక్షరం కనబడదు. తల్లిదండ్రుల్లో చూపు లేనివాళ్లుంటే నోటీసు ఫొటో తీసి పెట్టడం వల్ల వాళ్లకు ఒరిగేది లేదు, గొంతుతో చెప్పాలి. వినికిడి లేని తల్లిదండ్రులకు వాయిస్ మెసేజ్ పనికిరాదు. సైగ భాష వచ్చిన టీచరుతో అర నిమిషం వీడియో తీసి పంపాలి, తేదీని వేళ్లతో చూపించడంతోపాటు పలక మీద పెద్దగా రాసి పెట్టాలి.

ఫోన్ చేయాల్సిన ఇళ్లన్నీ ఒక్క టీచరు నెత్తిన పడకుండా తల్లుల్నే పంచుకోమనండి. ఒకే బస్సు దారిలో ఉన్న ఇళ్లు ఒక తల్లి చూసుకుంటే బాగుంటుంది, ఎలాగూ వాళ్లు రోజూ కలుస్తారు. ఫోన్ ఖర్చు బడి పెట్టుకోవాలి.

3. కబురు ఎలా చెప్పాలి

ఆఫీసు నుంచి వచ్చే నోటీసు ఇలా ఉంటుంది: "జిల్లాలోని ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు నిర్ధారణ శిబిరం నిర్వహించబడును. కావున తల్లిదండ్రులు సంబంధిత ధ్రువపత్రములతో హాజరు కావలెనని కోరడమైనది." దీన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టి చెప్పామనుకోవడం చాలా బళ్లలో అలవాటు. ఆ నోటీసు విని ఏ అవ్వా కదలదు. దాన్నే ఒక అవ్వకు వాయిస్ మెసేజ్‌గా ఇలా చెప్పొచ్చు:

"నమస్తే అవ్వా, బడి నుంచి టీచరమ్మను మాట్లాడుతున్న. వచ్చే బుధవారం పెద్దాసుపత్రిల పిలగాని చెవుల పరీక్ష ఉన్నది. పొద్దుగాల ఎనిమిదింటికల్లా పిలగాన్ని తీస్కొని బడికి రాండ్రి, ఆడికెల్లి బడి బండిల అందరం కల్సి పోతం. ఆధార్ కార్డు, పాత సదరం కాయిదం, రెండు ఫొటోలు తేవాలె. యాది మర్వొద్దు. పైసలేం అక్కర్లేదు. బువ్వ మేమే పెడతం. రానీకి కాకుంటే మంగళారం లోపల ఫోన్ చెయ్యి, ఇంకో దినం చూద్దం."

సదరం కాయిదం అంటే వైకల్య సర్టిఫికెట్. ఈ మెసేజ్‌లో ఏం పని, ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఏం తేవాలి, ఖర్చెంత, తోడెవరు, రాలేకపోతే ఏమిటి అన్నవన్నీ ఉన్నాయి. చివరి రెండూ చాలామంది వదిలేస్తారు. నిజానికి రావాలా వద్దా అని ఇంట్లో తేల్చుకునేది వాటిని బట్టే. పట్నంలో పెద్దాసుపత్రి అంటే ఏ గేటులో పోవాలో తెలియని మనిషికి "మేం తోడుంటాం" అన్న మాటే అసలు కబురు. మెసేజ్ నిమిషం దాటకూడదు. రెండు సంగతులుంటే రెండు మెసేజ్‌లు. వారం ముందు ఒకసారి, ముందు రోజు సాయంత్రం ఇంకోసారి పంపాలి.

నెలకో వార్తా పత్రిక తెచ్చే బళ్లున్నాయి. మంచిదే. కానీ ఆ రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ దాతలు పండ్లు పంచిన ఫొటోలకే పోతుంటే అది కుటుంబాల పత్రిక కాదు. దాతకు కృతజ్ఞత చెప్పడానికి వేరే ఉత్తరం రాయొచ్చు. పత్రికలో తల్లికి పనికొచ్చేవి ఉండాలి: వచ్చే నెల తేదీలు, ఒక పథకం వివరం, ఒక పిల్ల సాధించిన చిన్న పని, అది ఎలా సాధించిందో. ఆ "ఎలా" లేకపోతే వార్త ఉత్త మెప్పుగానే మిగిలిపోతుంది. ఒక వార్త నమూనా చూడండి:

"ఈ నెల మా చిన్న తరగతిలో ఒక బాబు చెంచాతో తనే పెరుగన్నం తిన్నాడు. చెంచా పిడికి పాత నూలు గుడ్డ చుట్టి లావు చేశాం, అప్పుడు పట్టు దొరికింది. పళ్లెం కింద తడిబట్ట పరిచాం, అటూ ఇటూ జరగలేదు. అన్నం అంతా మేం తినిపించి చివరి ముద్ద ఒక్కటి వాడి చేతికి వదిలాం. అది బాగా వచ్చాక చివరి రెండు, తర్వాత మూడు. ముందు ముద్దలతో మొదలుపెడితే విసుగొచ్చి చెంచా విసిరేసేవాడు. చివరి ముద్దతో మొదలుపెడితే 'నేనే ముగించాను' అన్న సంబరం ఉంది. మీ ఇంట్లోనూ చేసి చూడండి."

ఇది చదివిన లేదా విన్న తల్లి ఆ రాత్రే గుడ్డ చుట్టి చూస్తుంది. పత్రికలోని ప్రతి సంగతినీ వాయిస్‌గా కూడా పంపాలని వేరే చెప్పక్కర్లేదు. లంబాడీ మాట్లాడే తల్లి ఒకరు తన భాషలో చదివి పంపితే తండాలన్నిటికీ అదే తిరుగుతుంది.

4. ఫొటోలు, పేర్లు

ఈ విషయంలో గట్టిగా ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కారుతున్న చొంగతో నేల మీద కూర్చున్న పిల్ల ఫొటోను విరాళాల కోసం ఊరంతా తిప్పే హక్కు బడికి లేదు.

అనుమతి మూడు మెట్లుగా తీసుకోండి: బడి గోడ మీద పెట్టడానికి ఒకటి, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడానికి ఒకటి, బయటి లోకానికి ఒకటి. ఒక మెట్టుకు ఒప్పుకున్నంత మాత్రాన పై మెట్టుకు ఒప్పుకున్నట్టు కాదు. వాళ్ల భాషలో చదివి వినిపించి వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. అడ్మిషన్ రోజు మిగతా కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించొద్దు, కాదంటే సీటు పోతుందేమోనని ఎవరైనా చేసేస్తారు. ఎప్పుడైనా వద్దనే వీలుందని చెప్పాలి. పిల్లను కూడా అడగాలి. మాట రాని పిల్ల కూడా కెమెరా చూసి మొహం తిప్పుకుంటే అదే జవాబు.

గ్రూపుల్లో ఎప్పుడూ పెట్టకూడనివి: ఆధార్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుల ఫొటోలు, వైకల్య శాతం, డాక్టరు చీటీ, ఎవరికి ఎంత పింఛను వస్తోందన్న సంగతి, మరుగుదొడ్డి, నెలసరి, ఫిట్స్ వివరాలు. ఇవి ఇంటికీ బడికీ మధ్య మాత్రమే ఉండాలి. విలేకరులు బడికి వస్తే పిల్ల పేరు, ఊరు, మొహం మూడూ కలిపి రాయొద్దని ముందే చెప్పండి. "దయనీయం", "విధి వంచించిన" లాంటి మాటలు వద్దని కూడా చెప్పండి. మర్యాదగా చెబితే చాలామంది వింటారు.

5. బడికీ ఇంటికీ మధ్య డైరీ

మాట రాని పిల్ల బడిలో ఏం జరిగిందో ఇంట్లో చెప్పలేదు, ఇంట్లో ఏం జరిగిందో బడిలో చెప్పలేదు. ఆ పిల్ల సంచిలో ఒక నోటు పుస్తకం రోజూ అటూ ఇటూ తిరగాలి. ఒక పేజీ ఇలా ఉండొచ్చు. ఇంటి నుంచి: "రాత్రి సరిగ నిద్ర పోలేదు. పొద్దున మందు వేసినం. పాలు తాగలేదు. అవ్వ చెప్తే అక్క రాసింది." బడి నుంచి: "11.20కి ఫిట్ వచ్చింది, నిమిషంన్నర ఉంది. ముందు ఎడమ చెయ్యి గుంజింది. తర్వాత అరగంట పడుకుంది. అన్నం సగం తిన్నది. ఇంట్లో మందు ఎన్ని రోజులకు ఉందో రాయండి."

ఇలాంటి పేజీలు రెండు నెలలవి చూపిస్తే డాక్టరు మందు మోతాదు సరిచేయగలడు. ఖాళీ చేతులతో పోయి "అప్పుడప్పుడు వస్తున్నయ్ సార్" అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. చదువు రాని ఇళ్లకు చెంచా, మంచం, మందు సీసా బొమ్మలు వేసి పక్కన టిక్ పెట్టే పేజీలు చేయండి. సగం రోజులు ఖాళీగా వచ్చినా మీ వైపు నుంచి రాయడం మానొద్దు.

ఫిట్స్ గురించి మాట వచ్చింది కాబట్టి ఇది ప్రతి కుటుంబానికీ ఏటా రెండుసార్లయినా వినిపించండి. చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, ఉల్లిగడ్డ, చెప్పు వాసన చూపించొద్దు, నోట్లో చెంచా, నీళ్లు ఏమీ పెట్టొద్దు. కాళ్లు చేతులు అదిమి పట్టొద్దు. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే మరొకటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఊళ్లో పదిమంది చేరి పది రకాలుగా చెబుతుంటే తల్లి ఒక్కతే నిలబడలేదు. అందుకని ఇది ఇంటి చుట్టుపక్కల వాళ్లకూ చెప్పాలి.

6. కాగితాల పట్టిక

బడి చేసే సాయంలో ఇంటికి నేరుగా అందేది ఇదే. ఒక పెద్ద రిజిస్టరులో ప్రతి పిల్లకు ఒక వరుస పెట్టి, ఏ కాగితం ఉంది, ఏది లేదు, ఏది ఎప్పుడు ముగుస్తుంది అన్నది రాయండి. నెల మొదట్లో ఆ నెలా, తర్వాతి రెండు నెలల్లో ముగిసేవి చూసి కబురు పంపాలి.

అన్నిటికీ మూలం వైకల్య సర్టిఫికెట్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, తలసీమియా, సికిల్ సెల్, చదవడంలో ప్రత్యేక ఇబ్బంది కూడా అందులో ఉన్నాయి. "కాళ్లు చేతులు బాగానే ఉన్నయ్ కదా, మాకెందుకిస్తరు" అనుకుని దరఖాస్తే పెట్టని తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. ఇదివరకు సదరం పేరుతో జరిగిన పరీక్షలు ఇప్పుడు యూడీఐడీ పోర్టల్ కిందికి వచ్చాయి, ఊళ్లలో మాత్రం జనం ఇంకా సదరం అనే అంటారు, మీరూ ఆ మాటతోనే చెప్పండి. ఆన్‌లైన్‌లో గానీ మీసేవలో గానీ ఆధార్, ఫొటో, చిరునామాతో దరఖాస్తు పెట్టాలి. తేదీ వచ్చాక ఆసుపత్రిలో బోర్డు ముందు పిల్లను చూపించాలి. కార్డు మీద గీత రంగు 40 లోపు శాతానికి తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. ఈ కార్డు దేశమంతా చెల్లుతుంది, కాబట్టి వలస పోయే కుటుంబాలు వెంట తీసుకుపోవాలి. పిల్లలకు చాలాసార్లు గడువున్న సర్టిఫికెట్ ఇస్తారు, రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాల్సింది ఆ గడువు తేదీనే.

పరీక్ష రోజున మీరు చేయగల పెద్ద సాయం బోర్డుకు ఒక పేజీ రాసివ్వడం. డాక్టరు ముందు పిల్ల కాసేపే ఉంటుంది. తినడం, బట్టలు వేసుకోవడం, మాట, నడక, భయాలు, ఫిట్స్ గురించి రోజూ చూసే టీచరు రాసిన పేజీ ఆ కాసేపట్లో కనబడనివి చూపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి, శాతం పెరగాలని ఎక్కువ చేసి రాయకూడదు.

పింఛను సంగతి జాగ్రత్తగా చెప్పాలి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలైంది. దరఖాస్తు ఊళ్లో గ్రామ పంచాయతీ ద్వారా ఎంపీడీఓ ఆఫీసుకు, పట్టణంలో మున్సిపాలిటీకి పోతుంది. కొత్త పింఛన్లు ఎప్పుడు మంజూరు చేస్తారన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది కాబట్టి "వచ్చే నెల వచ్చేస్తది" అని ఎవరికీ మాట ఇవ్వొద్దు. దరఖాస్తు రసీదు జాగ్రత్త చేయించడం మీ పని. పింఛను ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ల గురించి కూడా గ్రూపులో సూటిగా హెచ్చరించండి.

ఎక్కువ మందికి తెలియనిది నిరామయ బీమా. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికి వచ్చే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు ఏటా లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు ఇస్తుంది. ముందస్తు ఆరోగ్య పరీక్ష ఉండదు. మంచాన పడితేనే కాదు, ఓపీ ఖర్చు, థెరపీ ఖర్చు కూడా వస్తాయి. అయితే ముందు మనం ఖర్చు పెట్టి తర్వాత బిల్లులు పంపాలి. అందుకే ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ కవరిచ్చి మందుల బిల్లులన్నీ అందులో వేయమనండి. ఏటా రెన్యువల్ చేయాలి, అదీ రిజిస్టరులో ఉండాలి.

మిగతావి క్లుప్తంగా. బడి చదువుల పథకం సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఉంది. రాకపోకలకు, తోడు వచ్చేవాళ్లకు భత్యాలున్నాయి. బడికి రాలేనంత వైకల్యం ఉంటే ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటుంది. చక్రాల కుర్చీ, కాలిపర్, వినికిడి యంత్రం కొలతలు తీసే శిబిరాల్లో అలింకో సంస్థ ఉపకరణాలు ఇస్తుంది. పిల్లలు ఎదుగుతారు కాబట్టి ఉపకరణం బిగుతైతే చెప్పమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. రైల్లో పిల్లకూ, తోడు వెళ్లే ఒకరికీ సెకండ్ క్లాస్, స్లీపర్లలో వైకల్యం రకాన్ని బట్టి 75 శాతం దాకా రాయితీ. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు 9 నుంచి తల్లులకు, ఆడపిల్లలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధో వైకల్యాల జాతీయ సంస్థ నీపిడ్‌కు పరీక్షల కోసం పోయే నల్లగొండ తల్లికి ఇది చిన్న సంగతి కాదు.

పిల్లకు 17 ఏళ్లు నిండగానే ఒక గుర్తు పెట్టండి. 18 దాటితే చట్టం దృష్టిలో పెద్దవాళ్లు. నేషనల్ ట్రస్ట్ కిందికి వచ్చే నాలుగు రకాల్లో అవసరమైనవాళ్లకు కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. తండ్రి పోయాక బ్యాంకు దగ్గర, భూమి పాసుపుస్తకం దగ్గర చిక్కు వచ్చినప్పుడు పరుగెత్తడం కంటే ముందే చేసుకోవడం నయం.

7. తల్లిదండ్రులు కలిసి కూర్చునే రోజు

సమావేశం తేదీ మీ టైంటేబుల్ చూసి కాదు, ఊరి పనులు చూసి పెట్టండి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. కురుమూర్తి జాతర, మన్యంకొండ, చెరువుగట్టు, పెద్దగట్టు జాతరల రోజుల్లో పెట్టడం దండగ. సంత రోజు మధ్యాహ్నం చాలాచోట్ల కుదురుతుంది, ఎలాగూ పట్నం వస్తారు.

అధికారిని పిలిస్తే ఆయన మాట్లాడతాడు, తల్లులు వింటారు. ఏడాదికి ఒకటి రెండు సమావేశాలకు పిలవండి, మిగతావి తల్లులవి. చాపలేసి గుండ్రంగా కూర్చోబెట్టండి. పిల్లల్ని పక్క గదిలో ఆయమ్మలు చూసుకోవాలి, లేకపోతే తల్లి చెవులు ఇక్కడ, కళ్లు అక్కడ ఉంటాయి. చాయ్ మొదట్లోనే ఇవ్వండి. మొదటి అరగంట ఏ ఉపన్యాసమూ లేకుండా ఈ నెల ఇంట్లో ఏం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పుకోనివ్వాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి, వెంటనే ధైర్యం చెప్పే పని పెట్టుకోకండి.

ఈ చాప మీదే బయటపడే సంగతి ఒకటుంది. గ్రహణం రోజు బయటికి పోయినందుకనీ, మేనరికం చేసుకున్నందుకనీ, పోయిన జన్మ పాపమనీ నింద అంతా తల్లి మీదే పడుతుంది. ఆ నింద వేసేవాళ్లలో అత్తగారు, భర్త కూడా ఉంటారు. కాబట్టి కారణం గురించి డాక్టరు చేతో, చదువుకున్న థెరపిస్టు చేతో అత్తా, భర్తా కూర్చున్నప్పుడే చెప్పించాలి. పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక కావచ్చు, నెలలు నిండక కావచ్చు, మెదడు జ్వరం వల్ల కావచ్చు, జన్యువుల వల్ల కావచ్చు, చాలాసార్లు కారణం దొరకకనే పోవచ్చు, ఏదైనా తల్లి చేసిన తప్పు కాదు. ఈ మాట తెల్లకోటు వేసుకున్న మనిషి నోటి నుంచి వస్తే ఇంట్లో బరువుంటుంది.

తండ్రులు రారు అని వదిలేయకండి. మాట్లాడుకుందాం రండంటే రారు గానీ, ఇంట్లో వాలు బాట కట్టడం, పిల్ల ఆనుకుని కూర్చునే మూల కుర్చీ చేయడం, మరుగుదొడ్డిలో పట్టుకునే రాడ్ బిగించడం నేర్పుతామంటే వస్తారు. చేతిపని చేస్తూ నోరు విప్పుతారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకూ ఏడాదిలో ఒక రోజు ఇవ్వండి. వాళ్ల మనసులో చాలా ఉంటుంది: సిగ్గు, ప్రేమ, "అమ్మ నన్ను చూడదు" అన్న బాధ, "పెద్దయ్యాక నేనే చూడాలా" అన్న భయం. ఇవి పెద్దవాళ్ల ముందు అడగరు, కాబట్టి వాళ్లతో విడిగా కూర్చోండి.

ఒక తల్లి రావడం మానేసినా, "నేను పోతే దీన్నీ తీస్కపోవాలె" లాంటి మాట అన్నా దాన్ని మామూలు నిట్టూర్పుగా తీసుకోవద్దు. ఆ రోజే ఒకరు ఇంటికి పోవాలి. మానసిక సాయం అందించే 14416 టెలీ మానస్ నంబరుకు పక్కన కూర్చుని ఫోన్ కలిపివ్వండి, తెలుగులో మాట్లాడతారు.

8. వలస పోయే ఇంటికి

పిల్ల కూడా వెంట పోతుంటే ఆపే ప్రయత్నం ఒకసారి చేయండి, కుదరకపోతే సాగనంపే ఏర్పాటు చేయండి. ఒక కాగితం మీద పిల్ల పేరు, మందు పేరు, మోతాదు, చేయించాల్సిన వ్యాయామాల బొమ్మలు, చేసే పనులు, భయపడే వాటిని రాసివ్వాలి. మందు అక్కడి సర్కారు దవాఖానాలో చూపించి తీసుకునేలా డాక్టరు చీటీ జిరాక్సు ఇవ్వాలి. పిల్ల అవ్వ దగ్గరే ఉంటే తల్లికి వారానికోసారి బడి నుంచే వీడియో కాల్ కలపండి. పని వేళ ముగిశాక అంటే రాత్రవుతుంది, కాబట్టి ఆమెకు మధ్యాహ్నం అన్నం విరామం ఎప్పుడో కనుక్కుని అప్పుడు చేయాలి.

9. ఊరు

అయిదేళ్లు దాటి బడికొచ్చే పిల్లల్లో చాలామందికి రెండేళ్లప్పుడే సాయం మొదలైతే బాగుండేదని టీచర్లందరికీ తెలుసు. అంగన్‌వాడీ టీచర్లకు, ఆశాలకు ఏడాదికి ఒకసారి బడి చూపించండి. మెడ నిలపకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకూ ఒక్క మాట రాకపోవడం లాంటి గుర్తులు కనబడితే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు ఆర్‌బీఎస్‌కే బృందం ద్వారా జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపమనండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఆ కార్యక్రమం వర్తిస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఊళ్లలో బడి కుండలో పోసే నీళ్లు బోరువి కాకుండా మిషన్ భగీరథ నల్లావే అయ్యేలా చూడటం, ఇంట్లోనూ తాగడానికి వంటకు అవే వాడమని చెప్పడం కూడా బడి కబురే.

10. చెడు కబురు

పిల్ల పడి దెబ్బ తగిలినా, ఫిట్ ఎక్కువైనా, తోటి పిల్ల చనిపోయినా గ్రూపులో పెట్టి చెప్పకూడదు. ఆ ఇంటికి మనిషి పోవాలి, లేదా పిల్లకు బాగా తెలిసిన టీచరు ఫోన్ చేయాలి. దెబ్బ ఎలా తగిలిందో దాచకుండా చెప్పాలి. దాచినది సాయంత్రానికి ఆయమ్మ నోటో, డ్రైవరు నోటో తెలుస్తుంది, ఆ తర్వాత మీరు ఏ కబురు చెప్పినా నమ్మరు.

పిల్ల మీద లైంగిక దాడి జరిగిందన్న అనుమానం వస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. బడి పరువు పోతుందని లోపలే పంచాయితీ పెట్టడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు. మాట రాని పిల్లలే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు కాబట్టి ఒంటి మీద గుర్తులు, ఉన్నట్టుండి భయం, పక్క తడపడం మళ్లీ మొదలవడం లాంటివి డైరీలో రాయమని ఇళ్లకు చెప్పి ఉంచాలి. ఫిర్యాదు చేసే తల్లికి బడిలో ఒకరి పేరు, నంబరు తెలిసి ఉండాలి. ఆ ఒక్కరు ప్రిన్సిపాల్ కాకుండా వేరే ఎవరైనా అయితే మేలు, ఎందుకంటే ఫిర్యాదు ప్రిన్సిపాల్ మీదే కావచ్చు.

11. అందిందో లేదో చూడండి

బడి ముగిసే ముందు, ఉగాది తర్వాత ఒకసారి, అన్నిటికంటే దూరంగా ఉన్న ఇళ్లను ఎంచుకుని ఫోన్ చేయండి, వీలైతే పోండి. బడి నుంచి చివరిసారి ఏ కబురు అందింది, అది ఎవరు చెప్పారు, దాంతో ఏం చేశారు అని అడగండి. "కబురు అందలేదు" అంటే ఆ ఇంటికి దారి మార్చాలి. "అందింది గానీ పోలేదు" అంటే ఎందుకు పోలేదో అడగాలి: కూలి పోతుందనా, తోడు లేకనా, అక్కడ ఎవరో కసిరారనా. వచ్చిన జవాబులు ఇంటి కాగితం మీద ఆ రోజే రాసి, జూన్‌లో బడి తెరిచే ముందు టీచర్లందరూ కూర్చుని ఏ ఇంటికి ఏ దారో మళ్లీ రాసుకోండి.